పరదేశంలో స్వేచ్ఛ

పాఠ్యభాగ పరిచయం

గద్య ప్రక్రియలలో వ్యాసం ఒకటి. ఒక విషయాన్ని పరిశీలించి, ఇతర విషయాలతో పోల్చి, రచయిత తన అభిప్రాయాన్ని వెల్లడించడం వ్యాస లక్షణం. ఉన్నత విద్య కొరకు బ్రిటన్‌కో అమెరికాకో వెళ్ళాలని మీలో అనేకులు తలపోస్తూ ఉంటారు. ఆ దేశాలలో చదువు ఎట్లా ఉంటుందో చెప్పేవారికి కొదవ లేదు. అక్కడ నివసించే పరదేశి దినచర్యలో స్వేచ్ఛ ఎంత, దానికి హద్దులెక్కడ అన్నది ఈ పాఠంలోని విషయం.

పాఠ్యభాగం

మలక్‌పేట దాటి తూర్పుగా సాగితే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఆపైన ఎల్.బి.నగర్ కూడలి. ఈ దారికి ఇరువైపులా ఉన్న భవనాల మీద విదేశీ విద్యను గురించిన ప్రకటన ఫలకాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక ఫలకం మీద లండన్ గడియార స్తంభం, దాని ప్రక్కనే న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత ఆ ఫలకాలు రైలు కిటికీ ఎత్తుకు ఎదిగాయి. ఈ మార్గంలో ‘విక్టోరియా మెమోరియల్’ అనే స్టేషన్ కూడా ఉన్నది. నిజాం కాలంలో బ్రిటిష్ మహారాణి పేరిట వెలసిన అనాథాశ్రమాన్ని బట్టి వచ్చిన పేరు అది. ప్రతిరోజూ ఆ పేరు వింటూ ప్రయాణించే మనకు ఇంగ్లండు పూర్తిగా పరాయిదేశమని అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గత డిసెంబరులో ఒక ఆదివారం నాడు నా పూర్వవిద్యార్థులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఇంటర్మీడియట్‌లో ఒకే బల్ల మీద కూర్చున్నవారు. ఒకతను ఇంగ్లండులోని లెస్టర్ నగరంలోనూ, రెండవ అతను అమెరికాలోని డాలస్ సమీపంలోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. లెస్టర్ అబ్బాయితో పాటు అతని తండ్రి, చెల్లెలు కూడా వచ్చారు. ఆ అమ్మాయి బి.టెక్. చివరి సంవత్సరంలో ఉన్నది. తండ్రి నల్లగొండ ప్రాంతం నుండి వచ్చి ఎల్.బి.నగర్‌లో స్థిరపడిన విశ్రాంత ఉద్యోగి. హయత్‌నగర్ దాటిన తరువాత ఉన్న తన ప్లాటును అమ్మి కూతురిని పై చదువులకు పంపాలని ఆయన సంకల్పం. “సారూ, పిల్ల ఏ దేశం పోతే మంచిదో మీరే ఒక మాట చెప్పుండ్రి” అన్నారు. నేను ఏ దేశమూ చూడనివాడిని. నా పాండిత్యమంతా ప్రబంధాల చుట్టూ తిరిగినదే. ఆ మాటే చెప్పాను. అప్పుడు ఆ అమ్మాయి, “ఫీజులు, ర్యాంకులు నేను చూసుకున్నాను సార్. రెండింటిలో స్వేచ్ఛ ఎక్కడ ఎక్కువో తెలియడం లేదు” అన్నది. మిత్రులిద్దరూ ఒక్కసారిగా “మా దగ్గరే” అన్నారు. తరువాత మూడు గంటలపాటు సాగిన వాదమే ఈ వ్యాసానికి మూలం.

వాదం ముదరక ముందు మాటను పరిశీలించడం నావంటి వానికి అలవాటు. స్వ, ఇచ్ఛ అనే పదాలు కలిసి గుణసంధి వలన ‘స్వేచ్ఛ’ ఏర్పడింది. తన కోరిక అని అర్థం. ‘స్వాతంత్ర్యం’ అటువంటిది కాదు. అందులో ‘తంత్రం’ ఉన్నది, అంటే నియమం, నిర్వహణ. తన నియమానికి తాను లోబడి ఉండేవాడు స్వతంత్రుడు. మూడవ మాట ఒకటి ఉన్నది. స్వ, ఈర అనే పదాలు కలిసినప్పుడు గుణం రావలసిన చోట వృద్ధి వచ్చి ‘స్వైర’ అయినది. తన ఇష్టం వచ్చినట్లు సంచరించడం దీని అర్థం. రాజు ఉద్యానవనంలో స్వైరవిహారం చేస్తే అది వర్ణనీయాంశం. అదే ధాతువు నుండి స్త్రీకి వచ్చిన ‘స్వైరిణి’ అనే పేరు మాత్రం నింద. వ్యాకరణంలో ఉన్న అపవాదం లోకంలో కూడా ఉన్నది కాబోలునని చమత్కరించాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తరగతి ముగించుకొని రాత్రి తొమ్మిది గంటలకు ఎల్.బి.నగర్ స్టేషన్‌లో దిగేసరికి తండ్రి స్కూటర్‌తో వచ్చి ఎదురుచూస్తూ ఉంటాడట. నాలుగేళ్ళుగా ఒక్కనాడు కూడా ఆ పది నిమిషాల దారి ఒంటరిగా నడవలేదట. ఆమె అడిగిన స్వేచ్ఛ ఏదో అప్పుడు నాకు కొంత అర్థమైనది.

ఇక రెండు దేశాల సంగతి. అమెరికా తన స్వేచ్ఛను వ్రాసి పెట్టుకున్నది. 1787లో రాజ్యాంగం రచించుకొని, 1791లో పది సవరణలను ఆమోదించుకొని, ప్రభుత్వం చేయరాని పనులు ఇవి అని స్పష్టంగా ప్రకటించుకున్నది. బ్రిటన్‌కు ఒకే గ్రంథంగా కూర్చిన రాజ్యాంగం లేదు. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 నాటి హక్కుల చట్టం, 1998 నాటి మానవ హక్కుల చట్టం, వీటికి తోడు న్యాయస్థానాల తీర్పులు, సంప్రదాయాలు కలిసి ఆ స్థానాన్ని భర్తీ చేస్తున్నాయి. మన ధర్మశాస్త్రాల పరిభాషలో చెప్పుకుంటే అమెరికాది శ్రుతి ప్రమాణం, బ్రిటన్‌ది సదాచార ప్రమాణం. శ్రుతిని మార్చడం దుష్కరం. ఆచారం పార్లమెంటులో సాధారణ ఆధిక్యంతో మారిపోగలదు. అయితే నిత్యజీవితంలో మనిషికి తగిలేది ఆచారమే.

నడకనే తీసుకుందాం. ఇంగ్లండులో పాదచారి రోడ్డును ఎక్కడ దాటినా సాధారణంగా నేరం కాదు. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో నిర్ణీత స్థలంలో కాక మరొకచోట దాటితే జరిమానా. కాలిఫోర్నియాలో 2023 నుండి ఈ నియమాన్ని చాలావరకు సడలించారు. న్యూయార్క్ నగరం 2024లో చేసిన చట్టంతో దానిని తొలగించుకున్నది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదుట రోడ్డు దాటే మనకు ఇది వినోదంగా తోచవచ్చు. ఇంగ్లండు పల్లెలలో మరొక విశేషం ఉన్నది. రైతు పొలం గుండా సాగే కాలిబాటలు తరతరాలుగా ప్రజలవి. భూమి రైతుది, బాట అందరిది. ఈ హక్కు ఎవరో దయతో ఇచ్చినది కాదు. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కార్మిక యువకులు నిషేధాన్ని ధిక్కరించి నడిచి వెళ్ళారు. కొందరు జైలుపాలయ్యారు. కొండలు, బీడు భూములలో స్వేచ్ఛగా నడిచే హక్కు ఇంగ్లండు, వేల్సులలో 2000 నాటి చట్టంతో వచ్చింది. లెస్టర్ అబ్బాయి ఆదివారాలు గోధుమ చేల మధ్య నడుస్తాడట. డాలస్ అబ్బాయి ఒకనాడు మైలు దూరంలోని దుకాణానికి నడిచి వెళ్తూ ఉండగా గస్తీ పోలీసు వాహనం ఆపి, “కారు చెడిపోయిందా?” అని ఆప్యాయంగా అడిగాడట. అక్కడ నడిచేవాడు ఆపదలో ఉన్నవాడని లెక్క. “కానీ సార్, కారులో ఎక్కితే వెయ్యి మైళ్ళు పోవచ్చు. ఎవరూ ఎందుకని అడగరు” అన్నాడు. అదీ సత్యమే. ఆ దేశంలో చక్రమే స్వేచ్ఛ.

రాత్రి నడక సంగతి అమ్మాయి అడిగింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుండి అర్ధరాత్రి గదికి నడిచివచ్చే ఆడపిల్లలు తన నగరంలో ఉన్నారనీ, అయితే ఏ వీధి వద్దో పాతవారు కొత్తవారికి చెబుతారనీ అన్న చెప్పాడు. తన ప్రాంతంలో పగలైనా రాత్రయినా నడిచేవారే ఉండరనీ, ఆడవారు కారు నేర్చుకున్న నాటి నుండే స్వతంత్రులనీ స్నేహితుడు చెప్పాడు. కారు కొనేంతవరకు ఏమిటి గతి అని ఆమె అడిగితే, “ఎవరినో ఒకరిని బతిమాలుకోవడమే” అని ఒప్పుకున్నాడు.

చిన్న సంగతులలోనే దేశాల స్వభావం బయటపడుతుంది. ఇంగ్లండులో ఇంటి వెనుక తీగ కట్టి బట్టలు ఆరవేయడం సర్వసాధారణం. అమెరికాలో గృహయజమానుల సంఘాలు కొన్ని ఆరుబయట బట్టలు ఆరవేయడాన్ని నిషేధించాయి. పచ్చిక ఎంత ఎత్తు పెరగాలో, గోడకు ఏ రంగు వేయాలో శాసించే సంఘాలు కూడా ఉన్నాయి. ఇంటివారికి బట్టలారవేసుకొనే హక్కును కాపాడడానికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలే చేయవలసి వచ్చింది. స్వేచ్ఛా ప్రతిమ ఉన్న దేశంలో చీర ఆరవేయడానికి చట్టం కావలసి రావడం వింత. మా ఇంట్లో వారు వడియాల సంగతి అడిగారు. ఇద్దరి వద్దా సమాధానం లేదు. మరోవైపు చూస్తే బ్రిటన్‌లో ఇంట్లో టెలివిజన్ ప్రసారాలు చూడాలన్నా ఏటా లైసెన్సు రుసుము కట్టవలసిందే. అమెరికా వాసికి ఆ మాట వింటే నవ్వు వస్తుంది.

గుర్తింపు పత్రాల విషయంలో బ్రిటన్‌కు ఒక చరిత్ర ఉన్నది. యుద్ధకాలంలో ప్రవేశపెట్టిన గుర్తింపు కార్డులు యుద్ధం ముగిసినా కొనసాగాయి. 1950లో లండన్‌లో క్లారెన్స్ విల్కాక్ అనే సామాన్యుడు పోలీసు అడిగినప్పుడు కార్డు చూపడానికి నిరాకరించాడు. వ్యాజ్యంలో అతడు ఓడిపోయినా, ఆ పద్ధతిని ప్రధాన న్యాయమూర్తే విమర్శించాడు. 1952లో కార్డులు రద్దయ్యాయి. మళ్ళీ 2006లో చేసిన గుర్తింపు కార్డుల చట్టం కూడా 2010లో రద్దయింది. నేటికీ అక్కడ వాహనం నడిపేటప్పుడు లైసెన్సు వెంట లేకపోతే ఏడు రోజులలో చూపవచ్చు. అమెరికాలో పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయుడు తన నమోదు పత్రాన్ని నిరంతరం వెంట ఉంచుకోవాలని చట్టం. డాలస్ అబ్బాయి తన పర్సు తీసి చూపించాడు. హైదరాబాదుకు వచ్చినా ఆ కాగితం అందులోనే ఉన్నది.

అయితే కార్డు అడగని బ్రిటన్ కెమెరాతో చూస్తుంది. లండన్ వీధులలో నిఘా కెమెరాలు అడుగడుగునా ఉంటాయి. దీనిని తప్పుపట్టడానికి మన ప్రాంతీయులకు నోరు రాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళు మరచిపోయేవి కావు. ఆ ఏడాదే జనం గుమిగూడే సంస్థలలో కెమెరాలు ఉండాలని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. భయం తెలిసినవాడు స్వేచ్ఛలో కొంత తానే కోసి ఇస్తాడు.

భయం ప్రసక్తి వచ్చినప్పుడు తుపాకి మాట రాక తప్పలేదు. 1996లో స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో పదహారుమంది పసిపిల్లలు, ఒక ఉపాధ్యాయిని కాల్పులలో మరణించిన తరువాత, 1997లో బ్రిటన్ చేతి తుపాకులను నిషేధించింది. అమెరికాలో ఆయుధధారణ రెండవ సవరణ ప్రసాదించిన హక్కు. ఒకరి హక్కు మరొకరికి ఏమవుతుందో మన నగరవాసులు 2017 ఫిబ్రవరిలో తెలుసుకున్నారు. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో, పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న ఒక హైదరాబాదు ఇంజనీరును, “మా దేశం విడిచి పొమ్మ”ని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడబోయిన అమెరికా యువకుడు ఒకరు తూటా దెబ్బ తిన్నాడు. ఆ దేశానికి ఆ ఇద్దరూ ప్రతినిధులే. అంతటితో ఆ కథ ముగియలేదు. భర్త వీసా మీద ఆధారపడిన భార్యకు భర్తతో పాటు నివాస హోదా కూడా పోయింది. ఒక కాంగ్రెస్ సభ్యుని చొరవతో ఆమెకు తాత్కాలికంగా అనుమతి లభించింది.

ఇక్కడ వాదం మలుపు తిరిగింది. ఇంతవరకు మిత్రులు పోల్చినది ఆ దేశ పౌరుల స్వేచ్ఛను. పరదేశి స్వేచ్ఛ వేరు. దీనికి తెలుగువారి చరిత్రలోనే సాక్ష్యాలున్నాయి. కట్టమంచి రామలింగారెడ్డి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో కేంబ్రిడ్జిలో చదువుతూ, అక్కడి విద్యార్థుల చర్చా సంఘానికి ఉపాధ్యక్షుడు కాగలిగాడు. అదే సామ్రాజ్యంలో, ఆనాడు బ్రిటన్ ఏలుబడిలో ఉన్న డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న వి.వి. గిరి ఐర్లండు స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం ఉందన్న అనుమానంతో 1916లో దేశం విడిచి రావలసి వచ్చింది. వాదించే స్వేచ్ఛ ఇచ్చారు, పాలకులను కలవరపెట్టే స్వేచ్ఛ ఇవ్వలేదు. అమెరికాలో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు. భీమవరంలో పుట్టి, అమెరికా ప్రయోగశాలలో లోకానికి ప్రాణదానం చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించేనాటికి ఆ దేశ పౌరుడు కాడు.

నేటి పరదేశి స్వేచ్ఛ వీసా షరతులలో ఉన్నది. విద్యార్థి దశలో బ్రిటన్‌లో డిగ్రీ చదివేవారు బడి నడిచే రోజులలో వారానికి ఇరవై గంటలు బయట పని చేసుకోవచ్చు. అమెరికాలో అవే ఇరవై గంటలు, కాని ప్రాంగణం లోపలే. మొదటి విద్యాసంవత్సరంలో బయట పని చేయరాదు. ఉద్యోగం పోతే ఉభయదేశాలలోను సాధారణంగా అరవై రోజుల గడువు. ఆ గడువులోపల కొత్త యజమానిని వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. బ్రిటన్‌లో నైపుణ్య వీసాపై వెళ్ళినవారి భార్య లేదా భర్త స్వేచ్ఛగా ఉద్యోగం చేయవచ్చు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు, వారిలోనూ కొందరికి మాత్రమే, 2015లో ఆ అవకాశం వచ్చింది. అంతకుముందు ఇంజనీరింగ్ పట్టాలు పొందిన ఎందరో తెలుగు ఆడపడుచులు అక్కడ వంటింటికే పరిమితమయ్యారు. ఆ నిశ్శబ్దాన్ని గురించి మన ప్రవాస కథకులు వ్రాయవలసినంత వ్రాయలేదని నా అభిప్రాయం.

శాశ్వత నివాసం సంగతి మరీ విచిత్రం. అమెరికాలో ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదన్న నియమం వలన భారతీయులు దశాబ్దాల తరబడి వేచి ఉంటున్నారు. బ్రిటన్‌లో నైపుణ్య వీసాదారులకు ఐదేళ్ళకు స్థిరనివాసం ఇచ్చే పద్ధతి ఉండగా, ఆ గడువును పదేళ్ళకు పెంచాలని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించింది. అదే సంవత్సరం కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును అమెరికా ప్రకటించింది. ఆచారం ఎంత త్వరగా మారుతుందో ముందు చెప్పాను. పరదేశి విషయంలో శ్రుతి కూడా అంతేనని తేలింది.

మాట్లాడే స్వేచ్ఛలో అమెరికాకు సాటి లేదని డాలస్ అబ్బాయి గర్వంగా చెప్పాడు. నిజమే. తమ జాతీయ పతాకాన్ని తగులబెట్టడం కూడా భావప్రకటనే అని 1989లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. బ్రిటన్‌లో జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టే మాట 1965 నుండే నేరం. “మరి మొన్న వీసాకు వెళ్ళినవాళ్ళ సంగతో?” అని అమ్మాయి అందుకున్నది. విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనిపించేటట్లు తెరిచి ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా ఆదేశించింది. ఆమె స్నేహితురాళ్ళు ఇంటర్వ్యూకు ముందు రాత్రంతా కూర్చొని పాత వ్యాఖ్యలు చెరిపివేసుకున్నారట. ఆ దేశంలో అడుగుపెట్టకముందే నోరు కట్టుకున్నారన్నమాట.

ఓటు విషయం మాత్రం నాకు కొత్త. భారతదేశం కామన్‌వెల్త్ సభ్యదేశం కనుక, బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారత పౌరుడు విద్యార్థి అయినా సరే అక్కడి సాధారణ ఎన్నికలలో ఓటు వేయవచ్చు. లెస్టర్ అబ్బాయి భారత పాస్‌పోర్టుతోనే 2024 జూలైలో ఓటు వేశాడు. దాదాభాయి నౌరోజీ 1892లో అక్కడి పార్లమెంటుకు ఎన్నికైన నాడు స్వదేశంలో భారతీయునికి అటువంటి ఓటు లేదు. అమెరికాలో ఇరవై ఏళ్ళు పన్నులు కట్టిన గ్రీన్‌కార్డుదారునికైనా జాతీయ ఎన్నికలలో ఓటు లేదు. డాలస్ అబ్బాయి దీనికి బదులు చెప్పలేదు. కొంతసేపటికి, “కానీ వాడి జీతానికి రెండింతలు నా జీతం సార్” అన్నాడు. లెస్టర్ అబ్బాయి బదులు చెప్పలేదు.

చీకటి పడుతుండగా ఆ అమ్మాయి చివరి ప్రశ్న వేసింది. “అన్నయ్యా, వెళ్ళిన తరువాత నచ్చకపోతే వెనక్కి రావచ్చునా?” ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న బ్యాంకు అప్పు ఇంకా నాలుగేళ్ళు ఉన్నదట. అది తీరేవరకు పౌండ్లలో సంపాదించక తప్పదట. స్నేహితుడు ఐదేళ్ళ తరువాత ఇప్పుడే స్వదేశానికి రావడానికి కారణం సెలవు దొరకకపోవడం కాదు; పాస్‌పోర్టు మీద వీసా ముద్ర మళ్ళీ పడుతుందో లేదోనన్న బెంగ. తాతగారి అంత్యక్రియలను ఫోనులోనే చూశాడట. ఈ సంగతి మూడు గంటల వాదంలో అతడు ఎక్కడా ఎత్తలేదు.

తండ్రి ప్లాటు కాగితాలున్న సంచిని ఒడిలో పెట్టుకొని అంతా వింటున్నారు. “నేను వెళ్తాను నాన్నా. కానీ ప్లాటు అమ్మవద్దు. రెండేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసి, సగం డబ్బయినా కూడబెట్టుకొని వెళ్తాను. అప్పుడు వెనక్కి రావాలనిపిస్తే రాగలను” అన్నది. ఆయన ఔననలేదు, కాదనలేదు. అమ్మకం మాట ఉగాది వరకు వాయిదా వేసినట్లు తరువాత తెలిసింది.

ప్రశ్నలు

1. ‘స్వేచ్ఛ’, ‘స్వాతంత్ర్యం’, ‘స్వైరం’ అనే పదాల మధ్య గల భేదాన్ని రచయిత ఎట్లా వివరించాడు?
2. పౌరుని స్వేచ్ఛకు, పరదేశి స్వేచ్ఛకు గల తేడాను పాఠ్యభాగంలోని ఉదాహరణలతో చర్చించండి.
3. “ఆ దేశంలో చక్రమే స్వేచ్ఛ” – సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి.
4. ఆ అమ్మాయి నిర్ణయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలుపుతూ ఒక పుటకు మించకుండా వ్రాయండి.